మార్కెట్టుకు వీపు చూపిన మనిషి

ఆయన పోయాడన్న కబురు నాకు టమోటా రేటుతో కలిసి వచ్చింది. మదనపల్లె మార్కెట్టుకు ఎదురుగా ఉన్న టీకొట్టాయన గ్లాసు నా చేతికిస్తూ, "ఈపొద్దు రేటు శానా బాగుండాది సార్," అన్నాడు. తర్వాత స్టవ్వు కాస్త తగ్గించి, "మామ పాయ సార్, నిన్న," అన్నాడు. కబుర్లు చెప్పాల్సిన వరుస ఇది కాదని ఎవరైనా అనవచ్చు. మామ మాత్రం అనడు. రేటు బాగున్న రోజున తన చావు సంగతి ముందు చెప్పి జనం ఉత్సాహం పాడుచేస్తే ఆయనే ఒప్పుకునేవాడు కాదు.

మామ నాకు వరసకు మామ కాడు. పుంగనూరు నుంచి పెద్దపంజాణి వైపు పోయే దారిలో ఉంది ఆయన ఊరు. ఆ ఊళ్లోనూ, ఈ మార్కెట్టులోనూ, మధ్యలో ఉన్న బస్టాపులన్నిటిలోనూ ఆయన్ని మామా అనే పిలిచేవాళ్లు. నేను ఇక్కడ ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. వరసలు కలుపుకోవడం మా సిలబస్‌లో లేదు. అయినా పరిచయమైన రోజున రెండో టీ పూర్తయ్యేసరికి నేనూ మామా అనే అన్నాను.

ఆ రోజు ఈ టీకొట్టు ముందే ఒక పెద్దమనిషి మార్కెట్టుకు వీపు పెట్టి, తలమీద తువ్వాలు కప్పుకొని, గోడకేసి చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆ గోడమీద ఒక పాత సిమెంటు ప్రకటన తప్ప చూడదగ్గది ఏమీ లేదు. దాన్ని అంత శ్రద్ధగా చదివిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నేను వచ్చిన అలికిడికి తల తిప్పకుండానే అడిగాడు.

"ఎవరప్పా అది? సేద్యముండాదా నీకు?"

"లేదండీ."

"ఆవులు, మేకలు?"

"లేవు."

"పోనీ, ఎప్పుడన్నా పొలం కొందామని మనసులో ఏమన్నా ఉండాదా?"

"కాలేజీలో పాఠాలు చెబుతానండీ. ఆ జీతానికి అలాంటి ఆలోచనలు రావు."

అప్పుడు తిరిగాడు. ముఖం వెలిగిపోతోంది. "అట్లయితే మీరే కావల్ల సార్ నాకు. లోపల మూడో మండీలో నీలం బాక్సుల్లో నా కాయుండాది. పాట యాడికొచ్చిందో సూసి రాండి. టీ నాది."

తను చూస్తే రేటు పడిపోతుందని ఆయన నమ్మకం. ఒకసారి చూశాడు, పడింది. ఇంకోసారి చూడలేదు, లేచింది. పరిశోధన అంతటితో ముగించాడు. అంతకన్నా తక్కువ ఆధారాలతో డాక్టరేట్లు పుచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు. పక్క రైతుల్ని పంపినా లాభం లేదట. వాళ్లకూ తోటలుంటాయి, వాళ్ల కళ్లకూ ఆశ ఉంటుంది, రేటుకు ఆశ సోకితే అది బిగుసుకుపోతుంది. ఈ జిల్లాలో సెంటు భూమి లేనివాడి చూపు ఒక్కటే శుభ్రమైన చూపు. నా జీవితంలో నా ఆర్థిక పరిస్థితి ఒక అర్హతగా లెక్కకొచ్చింది అదే మొదటిసారి.

"పుంగనూరులోనే మార్కెట్టుంది గదా మామా, ఇంత దూరం ఎందుకు?" అని తర్వాతెప్పుడో అడిగాను.

"ఆడ అందురూ నా మొగమెరిగినోళ్లే సార్. యా పక్క తిరుక్కోని నిలబడినా ఎవుడో ఒగుడు ఎదురొచ్చి రేటు సెప్పేస్తాడు."

అలా నా ఉద్యోగం మొదలైంది. లోపల వేలం పాట ఎలా ఉంటుందో చూడనివాళ్లకు చెప్పాలి. ఒక్కో కమీషను వ్యాపారి షెడ్డు ఒక మండీ. దాని నిండా టమోటా బాక్సులు వరసలుగా పేర్చి ఉంటాయి. పాట పాడే ఆయన ఒక్కొక్క రైతు సరుకు దగ్గర ఆగి గొంతెత్తుతాడు. వెనకాలే ఏయే రాష్ట్రాల నుంచో వచ్చిన వ్యాపారులు గుంపుగా నడుస్తారు. ఒకడు ఒక అంకె అంటాడు, ఇంకొకడు దాన్ని పెంచుతాడు, రెండు నిమిషాల్లో మూడు నెలల సేద్యం తేలిపోతుంది. అంతా నోటితోనే, అందరూ వినేట్టే. నేను ఆ అంకె మోసుకుని రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చేవాణ్ణి. అర్థశాస్త్రం అధ్యాపకుడు టమోటా రేటు కోసం పరుగెత్తడం చూసి మా విద్యార్థులు కొంతమంది నమస్కారం పెట్టడం మానేశారు. కొంతమంది కొత్తగా మొదలుపెట్టారు. వాళ్ల ఇళ్లలో టమోటా తోటలున్నాయి.

ఏటా వాళ్లకు 'జిల్లా ఆర్థిక వ్యవస్థలో కుటుంబ సేద్యం' అని ఒక పాఠం చెబుతాను. పుస్తకంలో అది చాలా ప్రశాంతంగా ఉంటుంది. బయట అంత ప్రశాంతంగా ఉండదు. టమోటాకు రేటొచ్చిన వారం మదనపల్లెలో మధ్యాహ్నానికే బిరియానీ అయిపోతుంది. పుంగనూరు బట్టల కొట్లలో గుమ్మం ఎక్కగానే కుర్చీ వేస్తారు. రేటు పడిన వారం అదే కుర్చీలో కొట్టాయనే కూర్చుని వీధి చూస్తుంటాడు. మా కాలేజీలో ఫీజులు వసూలు చేసే గుమాస్తా పొద్దున్నే పేపర్లో ముందు చూసేది టమోటా ధర. దాన్నిబట్టి పిల్లలతో గొంతు మారుస్తాడు. ఇంత సందడికీ మూలం ఎకరా, ఎకరన్నర ఉన్న మామలాంటివాళ్లు. ఈ సంగతి మామకు తెలుసు. తెలిసి పొంగిపోయేవాడు.

"నేనొగ తోట పెడితే ఎంతమందికి పని సార్. నారు పెంచేటోడు, కట్టెలమ్మేటోడు, పురికొసోడు, టెంపోవోడు, ఇదో ఈ టీకొట్టాయప్ప. అందురూ నా కాయ తట్టే సూస్తాండారు. నేనొగణ్ణే సూడగూడదు."

ఆయన మనసు ఎక్కడుందో తువ్వాలు చెప్పేది. భుజం మీద ఉంటే మామూలు రోజు. మాటల్లో హుషారెక్కితే అది ఈ భుజం మీద నుంచి ఆ భుజానికి ఎగిరేది. వేలం జరుగుతుంటే తలమీద ముసుగు. భార్యతో వాదనకు దిగితే నడుముకు బిగించేవాడు. తలకు పాగా చుట్టాడంటే మాత్రం నర్సరీకి పోతున్నాడని అర్థం. పాత పంట రేటు మంచిదైనా చెడ్డదైనా, కొత్త నారు తెచ్చే రోజున ఆ పాగా, ఆ నడక చూడాలి. కాళ్లకన్నా రెండడుగులు ముందు మనిషి నడిచేవాడు. "ఈసారి సూడు సార్," అనేవాడు. ప్రతిసారీ ఈసారే.

"వరి పెడితే అన్నం పెడ్తాది సార్, అంతే. టమోటా అట్లగాదు. అది మాట్లాడ్తాది. ఒగదినం మొగం తిప్పుకుంటాది, ఒగదినం సంకనెక్కించుకుంటాది."

"ఎక్కువ ఏది మామా?"

"అదే సూస్తాండా సార్, ముప్పై ఏండ్లుగా."

ఒక ఆదివారం ఆయన వెంట ఊరికి పోయాను. తోటలో పది పన్నెండు మంది మొక్కలకు కట్టెలు నాటి పురికొసతో కడుతున్నారు. వాళ్లలో కూలికొచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ ఊళ్లో అయిదారు కుటుంబాలది ఒక ఏర్పాటు. ఈరోజు వాళ్లంతా మామ తోటలో చేస్తారు, రేపు మామా ఆయన భార్యా వాళ్ల తోటల్లో చేస్తారు. దాన్ని బదులు అంటారు. అందులో ఎవరి తోట ఆగినా ఆ వరస తెగుతుంది. మిగతావాళ్లు కూలి పెట్టుకోవాలి. అంత తాహతు ఉంటే వాళ్లకు బదులెందుకు. ఇదంతా పాఠంలో ఒక పేరాలో చెప్పేయవచ్చు. అక్కడ మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకరి కోడలి మీద ఒకరు చెప్పుకుంటూ, నవ్వుకుంటూ, ఆ మాటలతోనే కట్టేస్తున్నట్టుగా కట్టారు.

మామ ఇంటావిడను నేను అత్తా అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వేనా సామీ, ఈయప్పకు రేటు మోసే సారు?" అంది. "ఈయప్ప సేద్యం జెయ్యడు నాయనా, తిరణాల జేస్తాడు. సేద్యం జేసేది నేను."

ఆమె పక్కన పుంగనూరు పొట్టి ఆవు ఒకటి నిలబడి ఉంది. ఎత్తు మా ఇంటి స్కూటరంత. ఆకలి లారీ అంత. నేను చూస్తుండగానే అది ఒక సిమెంటు సంచి అంచు, నా చేతిరుమాలులో సగం తినేసింది. మామ తండ్రి పుంగనూరు ఆవుల సంతలో దళారీ పని చేసేవాడట. ఆ సంతలో బేరం నోటితో జరగదు. అమ్మేవాడి చెయ్యీ కొనేవాడి చెయ్యీ కలిపి పైన తువ్వాలు కప్పుతారు. కింద వేళ్లు పట్టుకుని రేటు చెప్పుకుంటారు. చుట్టూ వందమంది నిలబడినా ఒక్కరికీ తెలియదు. ఆ వేళ్ల భాష మామకు తండ్రి నేర్పాడు. కోడలిగా వచ్చిన అత్తకూ మామగారే నేర్పాడు. ఇంటికొచ్చిన చుట్టాల ముందు ఇద్దరూ అలాగే మాట్లాడుకునేవాళ్లట, కోడి కొయ్యాలా వద్దా అని.

వాళ్లకు ఒక్కతే కూతురు. కుప్పంలో ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. ఆదివారాలు వచ్చిపోతుంది. ఆ రోజు నన్ను పక్కకు పిలిచి, "సేద్యం మానుకోమని నాయనకి మీరన్నా సెప్పండి సార్, మీది ఎకనామిక్స్ అంట గదా," అంది.

"చెప్పానమ్మా. ఆయన నాకు ఇంకో టీ ఇప్పించాడు."

ఆమె నవ్వలేదు. "నాయన మోకాళ్లు నేను ఎక్స్‌రేలో సూసినాను సార్. మొన్న మోటారు కాడ పడినాడంట, నాకు సెప్పనే లేదు. ఊరోళ్లు సెప్పిరి. పొలం గుత్తకు అడగతాండారు, నీలగిరి సెట్లు ఏసేదానికి. వాళ్లే నాటుకుంటారు, వాళ్లే కొట్టుకుంటారు. ఈ ఇద్దురూ ఊరికే కూసోని తింటే సాలు నాకు."

మామ అవతల నుంచి విన్నాడు. తువ్వాలు నడుముకు చేరింది.

"నీలగిరికి నీళ్లొద్దు, మందొద్దు, మనుషులొద్దు," అంది కూతురు.

"మనుషులొద్దనే చెట్టు నాకేంటికమ్మా?"

"ఏమయ్యో, పిల్ల సెప్పేదాంట్లో తప్పేముండాది?" అంది అత్త. "నేనూ అలిసిపోయినా."

అప్పుడు తోటలో కట్టెలు కడుతున్నవాళ్ల మాటలు ఆగిపోయాయి. అందరూ పురికొస వైపే చూస్తున్నారు. ఈ తోట నీలగిరి అయితే వాళ్ల బదులు వరస తెగుతుందని ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. చివరికి తండ్రీ కూతురూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఈ పంట పెట్టుబడి ఈ పంటే తేవాలి. తెస్తే ఆమె ఇంక నోరెత్తదు. తేకపోతే పొలం నీలగిరికి. మామ ఒప్పుకున్నాడు. తువ్వాలు మళ్లీ భుజానికొచ్చింది. "ఈసారి సూడు సార్," అన్నాడు.

ఈసారి కాయ నిజంగానే బాగా కాసింది. బాధేమంటే, అందరికీ బాగా కాసింది. పెద్ద కోత మార్కెట్టుకొచ్చిన ఆదివారం నాడు కలకడ నుంచి, వాల్మీకిపురం నుంచి టెంపోలు ఒకదాని వెనక ఒకటి దిగుతూనే ఉన్నాయి. మామ పొద్దున్నే వచ్చి గోడకు ఎదురుగా నిలబడ్డాడు. ఆయన ఊరివాళ్ల సరుకూ అదే మండీలో, ఆయన బాక్సుల వెనకే వరసగా ఉంది. నేను లోపలికి పోయాను.

పాట ఒక్కో వరస దాటుతుంటే అంకె మెట్లు దిగుతున్నట్టు దిగుతోంది. వ్యాపారులు కాయ వైపు చూడడం కూడా మానేసి ఫోన్లు చూసుకుంటున్నారు. మామ బాక్సులకు ఇంకా నలుగురైదుగురు రైతుల దూరం ఉండగానే నేను బయటికొచ్చాను. ఏదో ఒకటి సర్ది చెబుదామనుకున్నాను. నా ముఖం ఆ పనికి పనికిరాదని మా ఆవిడ చాలాసార్లు చెప్పింది.

"సెప్పొద్దండి సార్," అన్నాడు మామ.

తలమీది తువ్వాలు తీశాడు. ఒక్కసారి దులిపాడు. గోడ వైపు నుంచి తిరిగి, రోడ్డు దాటి, తిన్నగా మార్కెట్టులోకి నడిచాడు. టీకొట్టాయన చూస్తుండగానే గిన్నె పొంగి స్టవ్వు ఆరిపోయింది. మామ మార్కెట్టు వైపు నడవడం ఆయనా చూడలేదు అన్నాళ్లుగా. నేను వెనక పరుగెత్తాను.

పాట సరిగ్గా నీలం బాక్సుల దగ్గరికొచ్చింది. పాట పాడే ఆయన గొంతు సవరించుకున్నాడు. గుంపులో ముందు వరసలో కుప్పం వైపు నుంచి వచ్చే ఒక ముసలి వ్యాపారి ఉన్నాడు. మామ జనాన్ని తోసుకుంటూ పోయి ఆయన కుడిచెయ్యి పట్టుకున్నాడు. పైన తువ్వాలు కప్పేశాడు.

మండీలో తలలన్నీ ఒకేసారి అటు తిరిగాయి.

"మామో," అన్నాడు పాట పాడే ఆయన, "ఇది ఆవుల సంత గాదప్పా. ఈడ నోటితో పాడల్ల."

మామ వినలేదు. కుప్పం వ్యాపారి ముఖం ముందు భయపడింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టయింది. తర్వాత మెల్లగా విచ్చుకుంది. ఆయనా ఎప్పుడో సంతల్లో తిరిగినవాడే. తువ్వాలు కింద కదలిక మొదలైంది. వ్యాపారి కనుబొమ్మలు ఎగరేశాడు. మామ తల అడ్డంగా ఊపాడు. వ్యాపారి పెదవి చప్పరించాడు. మామ ఆ చెయ్యి వదలకుండా ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. ఉత్తరాది వ్యాపారి ఒకడు ఇదేదో స్థానిక వైద్యమనుకుని ఫోన్‌లో వీడియో తీసుకుంటున్నాడు. పక్క మండీల నుంచి జనం వచ్చి చేరారు. కొందరు ఖాళీ బాక్సుల మీదికెక్కారు.

"ఇంతసేపు పట్టినాడంటే రేటు యాడికో పోతాండాది సూడప్పా," అన్నాడు ఒకడు.

"కుప్పమాయనకు మద్రాసు ఆర్డరేదో వచ్చుంటాది. కాయ కావల్ల ఆయనకి."

"అందుకే నోటితో సెప్పలేదా?"

నా గుండె నా మాట వినడం మానేసింది. అర్థశాస్త్రంలో ఎక్కడా గుండె ప్రస్తావన లేదు. చివరికి కుప్పం వ్యాపారి పెద్దగా నవ్వి, "సరిలే మామా, నువ్వు సెప్పినట్లే," అని చెయ్యి వదిలించుకున్నాడు. మండీ గుమాస్తా చెవిలో ఒక మాట చెప్పాడు. గుమాస్తా ఆయన వైపు చూసి, మామ వైపు చూసి, పట్టీ రాసి చించి ఇచ్చాడు. సరుకెంత, రేటెంత అని రాసిచ్చే ఆ చీటీని మామ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తువ్వాలు భుజం మీదికి ఎగిరింది.

తర్వాత జరిగింది నేను ప్రతి ఏడూ క్లాసులో చెబుతాను. మామ బాక్సుల తర్వాత ఆయన ఊరివాళ్ల సరుకు. పాట మొదలవగానే ఇంతసేపూ ఫోన్లు చూసుకున్న వ్యాపారులు ఫోన్లు జేబుల్లో పెట్టారు. కుప్పమాయనకు తెలిసింది తమకు తెలియలేదన్న అనుమానం వాళ్ల ముఖాల్లో కనిపిస్తోంది. అంకె ఆగింది. నిలబడింది. రెండు మెట్లు ఎక్కింది. కట్టెలు కడుతూ మాటలాపేసిన ఆ మనుషుల సరుకంతా ఆ రెండు మెట్ల పైనే పోయింది. వాళ్లు మామను ఎత్తుకోలేదు గానీ, ఎత్తుకునే ప్రయత్నం ఒకటి జరిగింది. మోకాళ్లు అడ్డమొచ్చాయి.

ఖాళీ బాక్సుల టెంపోలో నన్నూ ఎక్కించుకుని ఊరికి తీసుకెళ్లాడు. దారి పొడుగునా నేను రేటెంతని అడుగుతూనే ఉన్నాను. ఆయన దారి పొడుగునా తర్వాతి పంటకు ఏ రకం నారు తేవాలో చెబుతూనే ఉన్నాడు.

ఇంటి దగ్గర కూతురు అరుగు మీద కూర్చుని ఉంది. అత్త ఆవుకు మేత వేస్తోంది.

"ఎంత పాయె నాయనా?" అంది కూతురు లేస్తూ.

మామ ఆమెకు జవాబు చెప్పలేదు. తిన్నగా అత్త దగ్గరికి పోయి, ఆమె చెయ్యి అందుకుని పైన తువ్వాలు కప్పాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఒక క్షణం నిలబడ్డారు. అత్త ముఖంలో ఏ మార్పూ లేదు.

"అబ్బో," అంది. "ఇంత పోతాదని నేననుకోలా."

"పట్టీ సూపీమా," అంది కూతురు.

అత్త మామ జేబులోంచి పట్టీ తీసింది. "ఉండు, సూద్దాం," అంటూ దాన్ని వెలుతురుకు పట్టుకుంది. వెలుతురు ఆ రోజు సరిగ్గా ఆవు మూతి పక్కన ఉంది. చెయ్యి వెనక్కి తీసుకోవడంలో ఆమెకు పెద్ద తొందరున్నట్టు నాకు కనిపించలేదు.

"అయ్యో, పట్టీ," అంది అత్త, ఆవు నమలడం పూర్తయ్యాక.

కూతురు ఆవును చూసింది. అమ్మను చూసింది. నాన్నను చాలాసేపు చూసింది. "సర్లే, ఇంగో పంట పెట్టుకో," అని లోపలికి పోయింది. మామ అక్కడికక్కడే పాగా చుట్టాడు. ఆదివారం నర్సరీ ఉండదని చెప్పినా వినలేదు.

ఆ తర్వాత ఎన్ని పంటలు పెట్టాడో, ఎన్నిసార్లు నేను రోడ్డు దాటానో గుర్తులేదు. కొన్నిసార్లు సంకనెక్కించుకుంది, ఎక్కువసార్లు ముఖం తిప్పుకుంది. నీలగిరి మాట మాత్రం ఆ ఇంట్లో మళ్లీ రాలేదు. పోయే ముందురోజు కూడా తోటలోనే ఉన్నాడట. కోతకొచ్చిన తోట.

తోటకు మైల పట్టదు. పండిన కాయ ఆగదు. ఆయన పోయిన వారానికే ఒక పొద్దున టీకొట్టు దగ్గరికి పోతే, గోడకు ఎదురుగా, మార్కెట్టుకు వీపు పెట్టి ఒక మనిషి నిలబడి ఉంది. తలమీద ఆ తువ్వాలే. మామ కూతురు.

"ఎవరది?" అంది తిరగకుండా. "సారేనా? పొలం గిలం ఏమన్నా కొంటిరా ఈమధ్య?"

"లేదమ్మా. జీతం అంతే ఉంది."

"మంచిది. మూడో మండీలో నీలం బాక్సులు. పోయి సూసి రాండి సార్."

"నువ్వే పోవచ్చు గదమ్మా. ల్యాబులో పని చేసేదానివి. చూస్తే రేటు పడుతుందని నమ్ముతావా?"

"నమ్మను సార్," అంది గోడనే చూస్తూ. "అయినా యాల రిస్కు?"

టీకొట్టాయన గ్లాసులు కడగడం ఆపి వింటున్నాడు. ఆమె గొంతు తగ్గించింది. "నీలగిరాయన వచ్చినాడు సార్, సావు పలకరించేదానికి. పలకరించి, పొలం సంగతి అడిగె. అమ్మ నా మొగం సూసింది. బదులుకొచ్చే అయిదిండ్లోళ్లూ నా మొగమే సూస్తాండారు. ఈ కోత అయినంక సెప్తానంటి."

"మీ నాన్నతో పెట్టుకున్న ఒప్పందమే మళ్లీనా? అప్పుడు ఆయన గెలిచాడుగా."

"ఎవరు గెలిసింది?" అంది. "ఆపొద్దు సాయంత్రమే మండీకి ఫోన్ జేసినా సార్. రేటు సెప్పినారు. పెట్టుబడి గాదు గదా, కట్టెల ఖర్చు గూడా రాలేదు."

తువ్వాలు కింద ఆ రోజు రేటు దిగుతూ వచ్చిందన్నమాట. పైన మేమంతా ఎక్కుతోందనుకున్నాం. దిగిపోయే అంకె మిగతా వ్యాపారుల చెవిన పడి వెనకున్న ఊరివాళ్ల సరుకునూ దించకుండా ఆయన తువ్వాలు కప్పాడు. ఇంటికొచ్చి పెళ్లాం చేతికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె అబ్బో అంది.

"మరి నువ్వెందుకు ఊరుకున్నావు?"

"అలిసిపోయినానని నాతో వంతపాడిన మడిసి సార్ మాయమ్మ. ఆయమ్మే పోయి పట్టీ ఆవు నోట్లో పెడితే, ఇంగ నేనేం సెయ్యాల? నాకు తెలుసని నాయనకి తెలీదు. అమ్మకీ తెలీదు." కాస్త ఆగి, "ఆవుకు తెలుసేమో," అంది.

అన్నేళ్లూ ఆ ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. శుభ్రమైన చూపంటే ఇదే కాబోలు.

లోపలికి పోయాను. పాట నీలం బాక్సుల దగ్గరికి వస్తోంది. కుప్పం వ్యాపారి ఇంకాస్త ముసలివాడయ్యాడు, ముందు వరసలోనే ఉన్నాడు. బాక్సులు చూసి, "మామ కాయేనా?" అన్నాడు నాతో. అవునన్నాను. చెయ్యి ఒకసారి తన భుజం మీద వేసుకుని చూసుకున్నాడు, అక్కడ తువ్వాలు ఉంటే బాగుండునన్నట్టు. తర్వాత పాట మొదలైంది. కుప్పమాయన ఒకటన్నాడు. ఉత్తరాది వ్యాపారి దాన్ని పెంచాడు. కుప్పమాయన పెంచాడు. వెనక నుంచి ఎవరో ఇంకా పెంచారు. గుంపు బిగుసుకుంది. బాక్సుల మీదికి ఎక్కినవాళ్లలో ఈసారి నేనూ ఉన్నాను. మా విద్యార్థి ఒకడు నన్ను పట్టుకున్నాడు, పడకుండా.

బయటికి నడిచానో పరుగెత్తానో తెలియదు. ఆమె ఇంకా గోడకే ఎదురుగా ఉంది. అడుగుల చప్పుడు విని, "సెప్పొద్దండి," అంటూ తలమీది తువ్వాలు లాగి, చెయ్యి వెనక్కి చాపింది. నా చేతిమీద తువ్వాలు పడింది.

"నాకు వేళ్లు రావమ్మా," అన్నాను.

"నాకూ సరింగా రావు సార్. అయినా పట్టుకోండి."

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఆ చెయ్యి అయిదు వేళ్లతో గట్టిగా నొక్కాను. చాలదనిపించి ఇంకోసారి నొక్కాను. అప్పటికీ చాలదు, రేటు ఇంకా మిగిలి ఉంది. మళ్లీ నొక్కబోతుంటే ఆమె చెయ్యి లాక్కుంది.

గోడ వైపు నుంచి మెల్లగా తిరిగింది. మార్కెట్టును, టెంపోలను, బాక్సులను ఒక్కసారి పూర్తిగా చూసింది. తువ్వాలు దులిపి తలకు పాగా చుట్టడం మొదలుపెట్టింది. సరిగ్గా రాలేదు, ఒక కొస చెవిమీద వేలాడుతూనే ఉంది.

"సార్‌కి టీ ఇయ్యన్నా," అంది టీకొట్టాయనతో. "నాది."